డ్యాష్‌బోర్డులో రానివాళ్లు ఎక్కడ?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

షుగర్ రోగుల బాగోగులు ఫార్మసిస్టులు చూసుకునే చోట కంప్యూటర్ తెర మీద లెక్కలు ఎలా పెట్టుకోవాలి? ఈ విషయం మీద వచ్చిన ఉత్తరాల్లోంచి ఏడు ఎంచాం. ఒకటి మందుల షాపు నుంచి వచ్చింది, ఒకటి డాలస్ నుంచి.

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక ట్రస్టు ఆసుపత్రి. ఇద్దరం ఫార్మ్‌డీ చేసినవాళ్లం 140 మంది షుగర్ రోగులను చూసుకుంటున్నాం. యాజమాన్యం కొన్న సాఫ్ట్‌వేర్‌లో డ్యాష్‌బోర్డు ఉంది, అందులో 22 గ్రాఫులు. మొదటి వారం అందరం చూశాం. ఇప్పుడు ఎవరూ తెరవడం లేదు. ఏం ఉంచాలి, ఏం తీసెయ్యాలి?

జవాబు: తెరవగానే "ఈ పూట ఎవరికి ఫోన్ చెయ్యాలి?" అన్నది కనిపించకపోతే ఏ తెరకైనా ఇదే గతి. గ్రాఫులన్నీ రెండో పేజీకి నెట్టండి. మొదటి పేజీలో పైన ఒక అడ్డపట్టీ, కింద పేర్ల జాబితా ఉంటే చాలు.

ముందు అడ్డపట్టీ సంగతి. 140 మందినీ నాలుగు ముక్కలు చెయ్యండి: రావడం లేదు, పరీక్ష లేదు, అదుపు తప్పింది, అదుపులో ఉంది. ఈ వరుస మార్చకూడదు. 3 నెలలుగా గడప తొక్కనివాళ్లు ముందుగా "రావడం లేదు"లో పడాలి. వస్తున్నా 6 నెలల్లో హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించుకోనివాళ్లు "పరీక్ష లేదు"లోకి వెళ్తారు. మిగిలినవాళ్లనే వాళ్ల వాళ్ల లక్ష్యాన్ని బట్టి అదుపు ఉన్నవాళ్లు, తప్పినవాళ్లు అని విడదీయాలి. చేరి 3 నెలలు కానివాళ్లను వేరే పెట్టండి, వాళ్ల మీద తీర్పు చెప్పడానికి ఇంకా వేళ కాలేదు. చనిపోయినవాళ్లను, వేరే ఊరు వెళ్లిపోయినవాళ్లను తేదీ వేసి తీసెయ్యండి. ఊరికే రావడం మానేసినవాళ్లను మాత్రం తియ్యొద్దు. నాలుగు ముక్కలూ, కొత్తవాళ్లూ కలిపితే ప్రతిరోజూ 140 రావాలి. మన దేశంలో చాలా ప్రభుత్వ ఆసుపత్రులు బీపీ రోగుల కోసం వాడే 'సింపుల్' యాప్‌లోనూ ఇదే పద్ధతి. అదుపులో ఉన్నవాళ్లు, లేనివాళ్లు, రానివాళ్లు అని మూడు ముక్కలు, హారంలో రానివాళ్లూ ఉంటారు. అమ్మకానికి వచ్చే చాలా సాఫ్ట్‌వేర్‌లలో కనపడనిది ఆ మూడో ముక్కే.

ఇక పేర్ల జాబితా. దాన్ని అక్షరక్రమంలోనో చేరిన తేదీ వరుసలోనో కాకుండా ప్రమాదం వరుసలో పెట్టండి. అన్నిటికంటే పైన గత 7 రోజుల్లో 54 కంటే తక్కువ రీడింగు వచ్చినవాళ్లు, షుగర్ పడిపోయి పక్కవాళ్లు పట్టుకోవాల్సి వచ్చినవాళ్లు, రెండుసార్లు 300 దాటినవాళ్లు. వీళ్లకు అదే రోజు ఫోన్ చెయ్యాలి, అదే రోజు డాక్టరుకు చెప్పాలి. వాళ్ల కింద ఇన్సులిన్ అయిపోయి 3 రోజులైనా మళ్లీ తీసుకోనివాళ్లు. ఆ తర్వాత హెచ్‌బీఏ1సీ 9 దాటి ఉన్నా 90 రోజులుగా మందు మారనివాళ్లు. వాళ్ల తర్వాత గోళీలు అయిపోయి వారం దాటినవాళ్లు, చివర పరీక్ష బాకీ ఉన్నవాళ్లు.

వీటిలో మూడో గుంపు దగ్గర కాసేపు ఆగండి. ఈ మనిషి వస్తున్నాడు, పరీక్షా చేయించుకుంటున్నాడు. "తిండి తగ్గించండి, మూడు నెలలాగి చూద్దాం" అనే మాటతో ఏడాది గడిచిపోతుంది. ఫార్మసిస్టు ఉన్నందుకు తేడా కనపడాల్సింది ఇక్కడే. డాక్టరుకు పంపే చీటీ ఇలా ఉంటే పని జరుగుతుంది: "హెచ్‌బీఏ1సీ 9.6, మూడు నెలల క్రితం 9.4. మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండు. ఈజీఎఫ్‌ఆర్ 78. గోళీలు సరిగ్గానే వేసుకుంటున్నారు, షీట్లు లెక్కపెట్టాం. లో షుగర్ లేదు. 1000 చొప్పున రోజుకు రెండుకు పెంచే విషయం చూడగలరు." ఈ ఐదు సంగతులూ తెర మీద ఒకే వరుసలో ఉంటే చీటీ రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే అంకె, మాత్రం తప్పకుండా పక్కనే ఉండాలి. అది 30 కంటే తక్కువైతే మెట్‌ఫార్మిన్ పనికిరాదు. 30–45 మధ్య కొత్తగా మొదలుపెట్టరు, వాడుతున్నవాళ్లకు డోసు తిరిగి చూస్తారు.

రోజుకు ఒక్కొక్కరికి 12 పేర్లకు మించి చూపించకుండా కట్టడి పెట్టండి. మాట్లాడి రాసుకోవడానికి మనిషికి 8–10 నిమిషాలు పడుతుంది, 12 మందికి రెండు గంటలు. 40 పేర్లు కనిపిస్తే నాలుగు చేసి మూసేస్తారు.

ప్రతి పేరు పక్కన "ఏం చేశాం", "మళ్లీ ఎప్పుడు" అని రెండు గడులు నింపితేనే ఆ పేరు జాబితాలోంచి దిగాలి. ఇది లేకపోతే అవే ఎర్ర గీతలు రోజూ కనిపించి కళ్లకు అలవాటైపోతాయి. మీ 22 గ్రాఫులకు జరిగింది కూడా అదే అయి ఉండొచ్చు.

ప్రశ్న: కరీంనగర్ దగ్గర మాకు మందుల షాపు ఉంది. దాదాపు 60 మంది షుగర్ గిరాకీలు నెలనెలా మా దగ్గరే కొంటరు. సాఫ్ట్‌వేర్ కొనేంత లేదు. ఎక్సెల్‌లో చేసుకోవచ్చా? ఏమేం రాయాలె?

జవాబు: భేషుగ్గా చేసుకోవచ్చు. రెండు పేజీలు పెట్టండి. ఒకదాంట్లో మనిషికి ఒక్క వరుస: నంబరు, పేరు, పుట్టిన ఏడు, ఫోను, మందులు, డాక్టరు, లక్ష్యం. రెండోదాంట్లో సంగతికి ఒక్క వరుస: తేదీ, మనిషి నంబరు, ఏమిటి, ఎంత. గోళీలు కొన్నా, రీడింగు తెచ్చినా, ఫోన్ చేసినా ఈ రెండో పేజీలో కిందకి కిందకి రాసుకుంటూ పోవాలి. చాలామంది "జనవరి, ఫిబ్రవరి" అంటూ పక్కకు గడులు పెంచుకుంటూ పోతారు. ఆరు నెలలకు ఆ పేజీలో దేన్నీ లెక్కపెట్టలేరు.

తప్పులు ఎక్కడ వస్తాయో ముందే చెప్తాం. హెచ్‌బీఏ1సీని 7.2% అని గుర్తుతో సహా కొడితే ఎక్సెల్ దాన్ని 0.072గా దాచుకుంటుంది, తర్వాత సగటంతా పాడవుతుంది. గుర్తు లేకుండా 7.2 అని మాత్రమే రాయండి. డేటా వ్యాలిడేషన్‌లో హెచ్‌బీఏ1సీకి 4 నుంచి 18 లోపు అంకెలే తీసుకోమని పెడితే ఇంకో తప్పు కూడా ఆగుతుంది. కొన్ని ల్యాబులు అదే ఫలితాన్ని మిల్లీమోల్ లెక్కలో కూడా ఇస్తాయి. అందులో 7 అంటే 53. ఆ 53 చూసి కొట్టేవాళ్లుంటారు. గ్లూకోమీటరుతోనూ ఇదే తిప్పలు. లండన్‌లోనో సిడ్నీలోనో ఉన్న కొడుకు పంపిన మీటరు మిల్లీమోల్‌లో చూపిస్తుంది. "7.8 వచ్చింది సార్" అంటే 18తో గుణించి 140 అని రాసుకోవాలి.

తేదీల విషయంలో 03/04 అని కొడితే కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే మార్చి 4 అవుతుంది. 25/04 కొడితే అసలు తేదీగానే తీసుకోదు. పట్టుకోవడం తేలిక. అలైన్‌మెంటు మీరు మార్చనంతవరకు నిజమైన తేదీ గడిలో కుడివైపుకు ఉంటుంది. ఎడమవైపుకు అతుక్కుని ఉందంటే అది ఉత్త అక్షరాలు. సెట్టింగుల్లో దేశాన్ని ఇండియా చేసి నెలను అక్షరాల్లో చూపించమనండి.

పేర్లు మరీ కష్టం. వెంకటేశ్వర్లు అన్న ఒక్క పేరును ఇంగ్లిషులో అరడజను రకాలుగా రాస్తారు, ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక. ఫోన్ నంబరుతో గుర్తుపడదామంటే ఇంట్లో ముగ్గురికీ కొడుకు నంబరే. కాబట్టి షాపు తరఫున ఒక వరుస నంబరు ఇచ్చి, చిన్న కార్డు మీద రాసి మందుల సంచిలో పెట్టండి.

అసలు పనికొచ్చే లెక్క "మందు ఎప్పటికి అయిపోతుంది" అన్నది. 15 గోళీల షీటు, రోజుకు రెండు అంటే ఏడున్నర రోజులు. ఇన్సులిన్ దగ్గర చాలామంది పొరపడతారు. మిల్లీలీటరుకు 40 యూనిట్ల రకం 10 మిల్లీలీటర్ల సీసాలో మొత్తం 400 యూనిట్లు. రోజుకు 30 వేసుకునేవాళ్లకు 13 రోజులు వస్తుంది. పెన్ను కార్ట్రిడ్జ్ మిల్లీలీటరుకు 100 యూనిట్ల రకం, 3 మిల్లీలీటర్లలో 300 యూనిట్లే. పైగా పొడిచే ముందు ప్రతిసారీ 2 యూనిట్లు బయటికి వదిలి చూసుకోవాలి. రోజుకు రెండుసార్లు పొడుచుకునే మనిషికి 30కి 4 కలిపి 34, అంటే తొమ్మిది రోజులకు అయిపోతుంది. పది రోజులని రాసుకుంటే ప్రతి కార్ట్రిడ్జ్‌కీ ఒక రోజు తేడా పడుతుంది. రోజుకు 10 యూనిట్లే వాడేవాళ్లకు సీసా 40 రోజులు వస్తుందని సూత్రం చెప్పినా నమ్మొద్దు. చాలా రకాలు తెరిచాక 28 రోజులకు పారెయ్యాలి, పెట్టెలోని కాగితంలో ఎంతని ఉందో చూసి ఏది తక్కువైతే అది వెయ్యండి. సిరంజి రకం కూడా ఒక గడిలో ఉండాలి: 40 రకానికి ఎర్ర మూత, 100 రకానికి నారింజ మూత. 40 సీసా కొన్న మనిషి వరుసలో నారింజ మూత సిరంజి కనిపిస్తే ఆ వరుస ఎర్రబడాలి. గీతల ప్రకారం 20 లాగితే వాళ్లకు వెళ్లేది 8 యూనిట్లే.

అయిపోయే తేదీకి గోళీలకైతే 7 రోజులు, ఇన్సులిన్‌కైతే 3 రోజులు కలిపి, అది దాటిన పేర్లను కండిషనల్ ఫార్మాటింగ్‌తో రంగు వేయించండి. ఫోన్ చేసినప్పుడు "ఎందుకు వేసుకోవట్లేదు" అని మొదలుపెట్టొద్దు. "ఈసారి వేరే దగ్గర తీసుకున్నరా?" అని అడగండి. వేరే షాపులో కొన్నా, సర్కారు దవాఖానాలో తెచ్చుకున్నా మీ జాబితాలో మందు మానేసినట్టే కనిపిస్తుంది. అందుకని "బయట తీసుకున్నారు" అని ఒక ఎంపిక ఉంచండి.

రెండు హద్దులున్నాయి. డోసు మార్చే అధికారం మన దగ్గర ఫార్మసిస్టుకు లేదు. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నియమాలు రోగికి మందు గురించి చెప్పే బాధ్యతను మాత్రం మన మీదే పెట్టాయి. రెండోది, పేరూ జబ్బూ కలిపి రాసుకుంటున్నారు కనుక 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని దృష్టిలో పెట్టుకుని తెలుగులో రాసిన కాగితం చదివి వినిపించి ఒప్పుకోలు తీసుకోండి. ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టండి. జాబితా ఫొటో తీసి షాపు వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటుంటే ఇవాళే మానెయ్యండి.

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు, గుండె జబ్బు కూడా ఉంది. ఫార్మసిస్టు గారి తెర మీద ఆయన పేరు ఎర్రగా ఉంది. హెచ్‌బీఏ1సీ 7.9. అంత ప్రమాదమా? – రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి కంగారు పడాల్సిన అంకె కాదమ్మా. ఆ తెరలో అందరికీ కలిపి 7 అని ఒకటే గీత పెట్టి ఉంటారు. వయసు మీద పడి రెండు మూడు జబ్బులున్నవాళ్లకు 8 లోపు ఉంటే చాలని డాక్టర్లు అనుకోవడం మామూలే. మీ నాన్నగారి లక్ష్యం ఎంతో డాక్టరు గారిని అడిగి, ఆ అంకెను ఆయన పేరు పక్కన వేయమని ఫార్మసిస్టుకు చెప్పండి.

ఇది చదివే ఫార్మసిస్టులకు ఒక మాట. ఇదే వయసు మనిషికి 6.2 ఉండి, షుగర్‌ను మరీ కిందకి దించగల గ్లిమిపిరైడ్ గోళీ రోజుకు 4 మి.గ్రా. వేసుకుంటుంటే మీ తెర ఆయన్ను ఆకుపచ్చగా చూపిస్తుంది. ఎవరూ ఫోన్ చెయ్యరు. రాత్రి షుగర్ పడిపోయి కిందపడే మనిషి ఆయనే కావచ్చు. 70 దాటిన వయసు, ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ జాతి గోళీలు గానీ వాడకం, హెచ్‌బీఏ1సీ 6.5 కంటే తక్కువ: ఈ మూడూ కలిస్తే వేరే రంగులో పైకి తేవాలి.

ప్రశ్న: విశాఖలో మా కేంద్రం ఆరు నెలలు పూర్తి చేసుకుంది. 120 మందితో మొదలైనప్పుడు సగటు హెచ్‌బీఏ1సీ 9.4, ఇప్పుడు 72 మందికి పరీక్ష చేస్తే 8.1. 1.3 పాయింట్లు తగ్గిందని యాజమాన్యానికి రాయబోతున్నాం. సరైనదేనా?

జవాబు: రాయకండి, ముందు ఒక చిన్న లెక్క చెయ్యండి. ఇప్పుడు పరీక్ష చేయించుకున్న ఆ 72 మందికి మొదట్లో సగటు ఎంత? ఉదాహరణకు 8.9 అనుకుందాం. అప్పుడు తగ్గింది 0.8, మీరనుకున్న 1.3 కాదు. మరి మిగతా 48 మంది సంగతి? 120ని 9.4తో గుణిస్తే 1128. అందులోంచి 72ను 8.9తో గుణించిన 640.8 తీస్తే 487.2 మిగులుతుంది. 48తో భాగిస్తే వాళ్ల సగటు 10.15. అంటే షుగర్ బాగా ఎక్కువున్నవాళ్లే రావడం మానేశారు, వాళ్లు వెళ్లిపోవడం వల్ల మీ సగటు దానంతటదే అందంగా తయారైంది. ఎప్పుడైనా అవే మనుషుల ముందు, తర్వాత అంకెలనే పోల్చండి.

8 లోపు ఉన్నవాళ్ల శాతం కూడా అంతే. 72లో 43 మంది అయితే 60 శాతం, అదే 120లో అయితే 36 శాతం. రెండూ పక్కపక్కన రాయండి. యాజమాన్యం అడిగేది 60 గురించి, మీరు పనిచెయ్యాల్సింది 36 మీద.

ఇంకో తిరకాసుంది. ఒకే ఒక్క పరీక్షలో 9 దాటినవాళ్లను ఏరి చేర్చుకుని ఉంటే, మీరేం చెయ్యకపోయినా వాళ్లలో కొందరి అంకె తర్వాతిసారి కొంత దిగుతుంది. పండగ పిండివంటల తర్వాతో, జ్వరం వచ్చి తగ్గాకో చేసిన పరీక్ష అలాంటిది. దీనికి విరుగుడు రెండు రకాలు. చేర్చుకునే ముందు రెండు పాత ఫలితాలు చూడడం ఒకటి. సగం మందిని ఇప్పుడు, సగం మందిని మూడు నెలలాగి మొదలుపెట్టి, ఆ మూడు నెలల్లో రెండు గుంపులనూ పోల్చడం రెండోది. పరీక్ష కూడా ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో జరగాలి. మధ్యలో ల్యాబు మారితే ఆ నెల దగ్గర గ్రాఫు మీద నిలువు గీత గీయండి.

నెలనెలా గీత ఎక్కిందీ దిగిందీ అని సమావేశాలు పెట్టకండి. 20 మంది ఉన్న బ్యాచిలో ఒక్కరు అటూ ఇటూ అయితే 5 శాతం మారుతుంది.

తగ్గుదల పక్కనే లో షుగర్ సంఖ్య లేకుండా ఏ నివేదికా బయటికి వెళ్లనివ్వొద్దు. డోసులు గట్టిగా పెంచితే హెచ్‌బీఏ1సీ ఎవరికైనా తగ్గుతుంది.

ఖర్చు లెక్క అడిగితే అమెరికాలోని ఆష్‌విల్ ఉదాహరణ చెప్పండి. నార్త్ కరోలినాలోని ఆ ఊళ్లో 1990ల చివర్లో నగర పాలక ఉద్యోగులకు శిక్షణ పొందిన ఫార్మసిస్టులు తరచుగా కూర్చుని షుగర్ గురించి చెప్పారు, వచ్చినవాళ్లకు మందుల మీద సొంత వాటా మాఫీ చేశారు. 2003లో ఫలితాలు అచ్చయ్యాయి. మందుల ఖర్చు పెరిగింది, అయినా మొత్తం వైద్యం ఖర్చు మనిషికి ఏడాదికి 1,200 నుంచి 1,872 డాలర్ల దాకా తగ్గింది. మీ డ్యాష్‌బోర్డులో మందుల ఖర్చు గీత ఒక్కటే పెడితే మీ కేంద్రం నష్టంలా కనిపిస్తుంది. ఆసుపత్రిలో చేరిన రోజులు కూడా పెట్టండి.

ప్రశ్న: డాలస్‌లో ఒక క్లినిక్‌లో ఫార్మసిస్టుని. డాక్టర్లతో కొలాబరేటివ్ ప్రాక్టీస్ ఒప్పందం ఉంది, డోసులు మేమే సర్దుతాం. మా తెరలో 9 దాటినవాళ్లు 18 శాతం, ఇన్సూరెన్స్ వాళ్ల స్కోరుకార్డులో 31. ఎవరిది తప్పు?

జవాబు: బహుశా ఎవరిదీ కాదు, రెండు హారాలు వేరు. అమెరికాలో ఇన్సూరెన్స్ ప్లాన్ల నాణ్యతను కొలిచే హెడిస్ కొలమానంలో ఏడాదిలో పరీక్ష లేనివాళ్లనూ 9 దాటినవాళ్ల ఖాతాలోనే వేస్తారు. మీ తెర పరీక్ష ఉన్నవాళ్లనే లెక్కపెడుతుంటే తేడా తప్పదు. ముందుగా రెండు జాబితాల్లోని పేర్లు పక్కపక్కన పెట్టించండి, శాతాలతో వాదించొద్దు.

తర్వాత మీ క్లినిక్‌లోనే వేలు పొడిచి చేసిన పరీక్షలు చూడండి. ఫలితం నోట్సులో రాసి వదిలేస్తే అది ఇన్సూరెన్స్ దాకా వెళ్లదు. బిల్లులో ఫలితం కోడు కూడా పడాలి: 7 లోపు అయితే 3044ఎఫ్, 7 నుంచి 8 లోపు 3051ఎఫ్, 8 నుంచి 9 వరకు 3052ఎఫ్, 9 దాటితే 3046ఎఫ్. ఇంకోటి, ఏడాదిలో చివరి ఫలితమే లెక్కలోకి వస్తుంది. ఆగస్టులో 7.4 వచ్చిన మనిషికి థ్యాంక్స్‌గివింగ్ తర్వాత 9.2 వస్తే ఏడాదంతా 9.2 కిందే జమ. అలాగని డిసెంబరులో పరీక్ష ఆపమనడం లేదు. సెప్టెంబరులోనే 8.5 దాటినవాళ్ల జాబితా తీస్తే చేతిలో మూడు నెలలుంటాయి.

మందులు వేసుకునే కొలత, అంటే పీడీసీ (ఎన్ని శాతం రోజులు మందు చేతిలో ఉందో చెప్పే లెక్క, 80 శాతం ఉండాలి), దగ్గర మీకొక తెలుగు చిక్కు ఎదురవుతుంది. మెడికేర్ (అక్కడి పెద్దవాళ్లకు ప్రభుత్వ ఇన్సూరెన్స్) ఉన్న పెద్దవాళ్లు చలికాలం నాలుగు నెలలు ఊరికొచ్చి ఇక్కడ మెట్‌ఫార్మిన్ కొనుక్కుంటారు. క్లెయిములు లేవు కనుక మీ తెర మీద వాళ్లు మందు మానేసినట్టే. చేత్తో డబ్బు కట్టి డిస్కౌంటు కార్డు మీద కొన్నవాళ్లదీ అదే కథ. లెక్క ఇలా ఉంటుంది: మార్చి 1న మొదటిసారి మందు తీసుకున్న మనిషికి డిసెంబరు 31 వరకు 306 రోజులు. 80 శాతం అంటే 245 రోజులు మందు చేతిలో ఉండాలి. ఖాళీ పోగలిగేవి 61 రోజులే. నాలుగు నెలల ప్రయాణంలో సగానికే అది కరిగిపోతుంది. తెరలో శాతం బదులు "ఇంకా ఎన్ని ఖాళీ రోజులు మిగిలాయి" అని చూపించండి, ఎవరికి ముందు ఫోన్ చెయ్యాలో వెంటనే తెలుస్తుంది. టికెట్లు కొన్నామని చెప్పగానే ప్రయాణానికి ముందే మందు ఇప్పించే వీలు ప్లాన్‌లో ఉందేమో కనుక్కోండి, లేకపోతే బయల్దేరే ముందు 90 రోజుల సరఫరా తీసుకునేలా చూడండి. ఇన్సులిన్ వాడేవాళ్లు ఈ కొలతలోకి రారు, వాళ్ల కోసం ఇక్కడ సమయం పెట్టొద్దు.

ప్రశ్న: హైదరాబాద్ పాతబస్తీ దగ్గర మా క్లినిక్. రంజాన్ నెలలో లో షుగర్ కేసులు వస్తున్నాయి. డ్యాష్‌బోర్డుతో ముందే పట్టుకోగలమా?

జవాబు: పట్టుకోవచ్చు, నెల మొదలయ్యాక తెరిస్తే మాత్రం లాభం లేదు. 6–8 వారాల ముందే జాబితా తీయండి: ఇన్సులిన్ వాడేవాళ్లు, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి గోళీలు వాడేవాళ్లు, గత 3 నెలల్లో ఒక్కసారైనా 70 కిందకి పడినవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, గర్భిణులు. వీళ్లను ముందే డాక్టరు దగ్గర కూర్చోబెట్టాలి. ఏ డోసు ఇఫ్తార్‌కు మారాలో, ఏది సహరీలో (తెల్లవారకముందు తినే వేళ) తగ్గాలో చెప్పేది డాక్టరే, రాసిచ్చి అర్థమయ్యేలా చెప్పేది మీరు. 70 కంటే పడినా, 300 దాటినా ఉపవాసం విరమించాలన్నది కాగితం మీద పెద్దక్షరాలతో ఉండాలి. వేలు పొడిచి చూసుకుంటే రోజా (ఉపవాసం) పోదన్న మాట కూడా చెప్పండి, ఆ భయంతోనే మీటరు ముట్టనివాళ్లుంటారు.

పేరు చూసి ఉపవాసాన్ని ఊహించుకోకండి. "ఏయే ఉపవాసాలుంటారు?" అని చేరినప్పుడే అందరినీ అడిగి ఒక గడిలో రాసుకోండి. కార్తీక సోమవారాలు, ఏకాదశులు, శివరాత్రి అన్నీ అందులోకి వస్తాయి. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ఒంటిపూట భోజనం చేసేవాళ్లు పొద్దున పరగడుపునే గ్లిమిపిరైడ్ వేసుకుంటుంటే, మీ రంజాన్ జాబితాకు పెట్టిన షరతులే వాళ్లకూ సరిపోతాయి. తేదీలు మార్చి మళ్లీ తీయండి.

ప్రశ్న: అనంతపురం జిల్లాలో ఒకావిడ హెచ్‌బీఏ1సీ 8.4, ఇంట్లో మీటరు అంకెలు మాత్రం అన్నీ బాగున్నాయి. మా తెర ఆవిడను "అదుపు తప్పింది"లో వేసింది. ఆవిడ అబద్ధం రాస్తున్నదనుకోవాలా?

జవాబు: ఆ మాట అనేముందు రక్తం ఎంతుందో చూడండి. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎర్రకణాలు త్వరగా విరిగిపోయే జబ్బులున్నా, రక్తం పోయినా, రక్తం ఎక్కించినా తక్కువ చూపిస్తుంది. తెరకు ఒక లెక్క నేర్పండి: హెచ్‌బీఏ1సీని 28.7తో గుణించి 46.7 తీస్తే సగటు షుగర్ వస్తుంది. 8.4కు అది 194. ఆవిడ మీటరు సగటు 140 అయితే 54 తేడా ఉంది. 40 దాటిన తేడా కనిపిస్తే రంగు వెయ్యకుండా "సరిచూడాలి" అని రావాలి. ఆ 40 మేం పెట్టుకున్న గీత, మీకు తగ్గట్టు మార్చుకోవచ్చు. పరగడుపు రీడింగులే ఉన్న మీటరుతో పోల్చొద్దు, తిన్నాక రెండు గంటల రీడింగులూ ఉండాలి. కుదిరితే 14 రోజుల సెన్సరు (చర్మానికి అంటించి షుగర్‌ను రాత్రీపగలూ చూసే పరికరం) ఒకసారి పెట్టించండి. అందులో కనీసం 70 శాతం సమయం డేటా ఉంటేనే నమ్మాలి. 70–180 మధ్య గడిపిన సమయం 70 శాతం దాటి, 70 కింద 4 శాతం లోపు ఉంటే ఆవిడ రాసినవి నిజమే.

హిమోగ్లోబిన్ తక్కువని తేలి డాక్టరు ఐరన్ గోళీలు మొదలుపెడితే, ఆ తేదీ ఆవిడ వరుసలో వెయ్యండి. కొన్ని నెలల్లో రక్తం పట్టేకొద్దీ ఆ 8.4 దానంతటదే దిగొచ్చు. అప్పటిదాకా ఆవిడను అదుపు లెక్కలోంచి పక్కన పెట్టి, మీటరు అంకెల మీదే నడపండి.